అగ్రరాజ్యములు – సముద్ర మర్యాద
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యుల సభలో సముద్రమును గూర్చి మాటాడుట ఎందులకని మీలో కొందరికి తోచవచ్చును. మన పని ఊరి బాట, మంచినీరు, వీధిదీపము, మురుగు కాలువ. అమెరికా, రష్యా, జపాను, చైనా దేశముల యుద్ధనౌకలు ఎక్కడనో మహాసముద్రములలో ఒకదాని నొకటి తరుముకొనుచుండిన మనకేమి? ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పి, పిమ్మట ముందునకు సాగెదము.

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నము రేవు మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. అవి బంగాళాఖాతములో నిలిచిన విమానవాహక నౌకనుండి ఎగిరి వచ్చినవి. విశాఖపట్నమునకు జపానుతో పగ లేదు. కాకినాడ జాలరి ఏ జపాను నావికునికిని కీడు తలపెట్టి ఎరుగడు. అయినను బాంబులు పడినవి. ఆబోతులు పోట్లాడి లేగల కాళ్ళు విరుగద్రొక్కినట్లు అని మన పెద్దలు చెప్పిన మాట ఇట్టి వానినిగూర్చియే.

రెండవ కారణము మన పొలములోనే ఉన్నది. మన రైతు చల్లు పొటాషు దాదాపు అంతయు విదేశములనుండి ఓడల మీద వచ్చుచున్నది. మన బండ్లకు కావలసిన చమురులో అధికభాగము కూడ అట్లే వచ్చుచున్నది. సముద్రపు దారి మూతపడినచో ఆ భారము చివరకు ఊరి అంగడిలోని వెలమీద పడును. కావున అగ్రరాజ్యములు సముద్రము మీద ఎట్లు నడచుకొనుచున్నవో తెలిసికొనుట మనకు వినోదము కాదు, అవసరము.

సముద్రమునకు హద్దురాయి లేదు. భూమి మీద రెండు దేశముల నడుమ కంచె వేయవచ్చును, కాపలా పెట్టవచ్చును. నడిసముద్రము అట్లు కాదు. అది అందరి దారి. ఏ దేశపు ఓడయైనను, వర్తక నౌకయైనను, యుద్ధనౌకయైనను, అక్కడ తిరుగవచ్చును. అందుచేతనే బద్ధవిరోధులు కూడ అక్కడ ప్రతిదినము ఎదురుపడుచుందురు. పుంతదారిలో పాతకక్షలున్న ఇద్దరి బండ్లు ఎదురైనప్పుడు ఏమగునో మీకు మేము చెప్పనక్కరలేదు. ఎవరు ప్రక్కకు తొలగవలెనన్న మాటమీద ఊరంతయు రెండు కట్లుగా చీలిన సందర్భములు మన గ్రామములలో లేకపోలేదు. ఆ బండ్లలో తుపాకులు, టార్పెడోలు, అణ్వస్త్రములు ఉన్నచో ఎట్లుండును? నేటి మన ప్రసంగ విషయమిదియే.

ఈ పోటీ ఎట్లు పెరిగినదో ముందుగా చూతము. పందొమ్మిదవ శతాబ్దములో సముద్రముపై బ్రిటనుకు సాటి లేదు. 1898, 1900 సంవత్సరములలో జర్మనీ నౌకా శాసనములు చేసి, తానును పెద్ద నౌకాబలము నిర్మింప బూనినది. 1906లో బ్రిటను ‘డ్రెడ్‌నాట్’ అను క్రొత్త తరహా యుద్ధనౌకను నీట దింపినది. దాని ముందు అంతకు పూర్వపు నౌకలన్నియు పాతబడిపోయినవి. చిత్రమేమనగా, పాతబడిన వానిలో అధికభాగము బ్రిటనువే. ఆ విధముగా పోటీ మరల మొదటినుండి ఆరంభమైనది. ఒకరు ఒకటి కట్టిన మరియొకరు మరియొకటి కట్టిరి. ప్రజల పన్నుల సొమ్ము ఉక్కుగా మారి నీటిమీద తేలినది.

1914లో యుద్ధము వచ్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ‘ఎమ్డెన్’ అను జర్మను నౌక మద్రాసు రేవు ముందు నిలిచి గుండ్లు కురిపించి, చమురు తొట్లను కాల్చినది. కోస్తా ఆంధ్రకును, రాయలసీమకును ఆనాడు మద్రాసే రాజధాని. 1916 మే 31, జూన్ 1 తేదీలలో డెన్మార్కు సమీపమున జట్లండు వద్ద బ్రిటిషు, జర్మను నౌకాదళములు తలపడినవి. ఒక్క రాత్రి, ఒక్క పగలు గడచునప్పటికి ఇరుపక్షముల వారును కలిసి ఎనిమిది వేల అయిదు వందలకు పైగా నావికులు మరణించిరి. ఎవరు గెలిచిరన్న దానిమీద చరిత్రకారులు అటుపిమ్మట కూడ వాదించుకొనుచునే ఉండిరి.

యుద్ధము ముగిసినది కాని పోటీ ముగియలేదు. ఈ పర్యాయము అమెరికా, బ్రిటను, జపాను దేశములు నౌకలు కట్టసాగినవి. ఖర్చు చూచి ముగ్గురికిని భయము పుట్టినది. 1921 నవంబరు 12న వాషింగ్టను నగరములో సమావేశమైరి. అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ మొదటి దినముననే లేచి, మర్యాద వాక్యములతో సరిపెట్టక, తమ దేశము 30 పెద్ద యుద్ధనౌకలను విరుగగొట్టుటకు సిద్ధమని ప్రకటించెను. తక్కినవారు ఏ యే నౌకలను వదలుకొనవలెనో కూడ చెప్పెను. సభ నివ్వెరపోయినది.

1922 ఫిబ్రవరి 6న ఒప్పందము కుదిరినది. పెద్ద యుద్ధనౌకల మొత్తము బరువు అమెరికాకు, బ్రిటనుకు చెరి 5,25,000 టన్నులు; జపానుకు 3,15,000 టన్నులు; ఫ్రాన్సు, ఇటలీలకు చెరి 1,75,000 టన్నులు. అనగా మొదటి మూడు దేశముల వంతు అయిదు, అయిదు, మూడు. ఏ యుద్ధనౌకయు 35,000 టన్నులకు మించరాదు. పది సంవత్సరములపాటు, కొలది మినహాయింపులతో, క్రొత్త పెద్ద నౌకలు కట్టరాదు. ఇది సామాన్యమైన పని కాదు. కట్టుచున్న నౌకలను సగములోనే ఆపి విరుగగొట్టిరి. ప్రజల సొమ్ము ఎంతయో మిగిలినది. పదియేండ్లకు పైగా ఆ ఒప్పందము పెద్ద నౌకల పందెమును ఆపినది. దాని మేలును తక్కువ చేసి చెప్పుట న్యాయము కాదు.

అయినను అందులో మూడు లోపములుండెను. మొదటిది: అది ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న కొలతను కాగితము మీద వ్రాసినది. ‘మూడు’ వంతు వచ్చిన జపానులో ఆ అంకె అవమానముగా పలువురి మనస్సులలో నాటుకొనినది. రెండవది: పెద్ద నౌకలకు లెక్క పెట్టిరి కాని, పదివేల టన్నుల లోపు క్రూజరులకు సంఖ్య నిర్ణయింపలేదు. కావున పోటీ ఆ దారిని పట్టినది. ఒక తూము మూసిన నీరు మరియొక గండిని వెదకికొనును గదా. 1930లో లండనులో కూర్చుండి ఆ గండిని కొంతవరకు పూడ్చిరి. మూడవది: ఎవరు మాట నిలుపుకొనుచున్నారో పోయి చూచువారు లేరు, ఏటేట కూర్చుండి ఫిర్యాదులు విను ఏర్పాటును లేదు.

1934 డిసెంబరులో జపాను తాను ఒప్పందమునుండి తొలగుచున్నట్లు తెలిపినది. 1936 చివరతో అది ముగిసినది. 1937లో జపాను ‘యమాటో’ అను నౌకకు పునాది వేసినది. దాని బరువు 60,000 టన్నులకు పైమాట. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరులోని అమెరికా నౌకలమీద జపాను విమానములు పడినవి. నాలుగు మాసములైన పిదప విశాఖపట్నము, కాకినాడల వంతు వచ్చినది. అంత ఖర్చుతో కట్టిన యమాటో 1945 ఏప్రిల్ 7న అమెరికా విమానముల దెబ్బకు మునిగినది. ఇరువది సంవత్సరములకు పూర్వము వాషింగ్టనులో కుదిరిన మాట నిలిచియుండిన, ఇదంతయు తప్పియుండెడిదని మేము అనము. యుద్ధమునకు ఇతర కారణములు పెక్కు కలవు. కాని మాట కుదుర్చుకొనుట ఒక ఎత్తు, దానిని నిలుపుకొను ఏర్పాటు చేసికొనుట మరియొక ఎత్తు అని మాత్రము ఆ కథ చెప్పుచున్నది.

ఇక రెండవ కథ. రెండవ ప్రపంచ యుద్ధము పిమ్మట సముద్రముపై అమెరికా, సోవియట్ రష్యా ఎదురెదురుగా నిలిచినవి. ఈ పర్యాయము ఇరువురి నౌకలలోను అణ్వస్త్రములు చేరినవి. ఒకరి నౌకల వెంట మరియొకరి నౌకలు గూఢచర్యమునకై తిరుగుట, అడ్డము వచ్చుట, ఫిరంగులను గురిపెట్టి బెదిరించుట, రాత్రివేళ నౌక నడుపువారి కండ్లలోనికి సెర్చిలైటు వేయుట, విమానములను నౌకలపై మిక్కిలి క్రిందుగా నడుపుట నిత్యకృత్యములైనవి. కుఱ్ఱకారు నావికులకు అదియొక మగతనపు ఆట.

1967 మే 10వ తేదీన జపాను సముద్రములో అమెరికా డిస్ట్రాయరు ‘వాకర్’నకు ఒక సోవియట్ డిస్ట్రాయరు రాచుకొనినది. మరునాడు మరియొక సోవియట్ నౌక అదే నౌకకు తగిలినది. 1968 మేలో నార్వే సముద్రమున అమెరికా విమానవాహక నౌక ‘ఎసెక్స్’ సమీపమున క్రిందుగా ఎగిరిన సోవియట్ బాంబరు విమానము సముద్రములో కూలిపోయినది. అందున్నవారందరు మరణించిరి. ఆ క్షణమున ‘మా విమానమును కూల్చిరి’ అని సోవియట్ ప్రభుత్వము నమ్మియుండినచో ఏమి జరిగియుండునో తలచుకొనిన గుండె ఝల్లుమనును. ఒక నావికుని తొందరపాటు రెండు ఖండములను బూడిద చేయదగిన కాలమది.

ఆ ఆట మన వాకిటికి కూడ వచ్చినది. 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ విమోచన యుద్ధ సమయమున, అమెరికా తన అణుశక్తి విమానవాహక నౌక ‘ఎంటర్‌ప్రైజ్’ను మరికొన్ని నౌకలతో బంగాళాఖాతమునకు పంపినది. సోవియట్ యుద్ధనౌకలు దాని వెనుకనే వచ్చినవి. విశాఖ జాలరులు వలలు వేయు ఆ సముద్రము మీదనే ప్రపంచపు రెండు మహాబలములు ఒకదాని నొకటి చూచుకొనుచు నిలిచినవి.

ఆశ్చర్యమేమనగా, అంతకు రెండు మాసముల ముందే, 1971 అక్టోబరులో, ఆ రెండు దేశముల నౌకాధికారులు మాస్కోలో చర్చలకు కూర్చుండిరి. ఆ చర్చల ముఖ్య లక్షణము ఒకటి గమనింపదగినది. అక్కడ కూర్చున్నవారిలో సముద్రము మీద జీవితము గడపినవారే అధికులు. తుపాను అన్న ఏమో, చీకటిలో ఎదురు ఓడ వచ్చిన ఎట్లుండునో ఇరువురికిని తెలియును. ఏ రాజ్యపద్ధతి గొప్పదన్న వాదము వారు పెట్టుకొనలేదు. ఓడకు ఓడ తగులకుండ ఏమి చేయవలెనన్న దానినే మాటాడుకొనిరి.

1972 మే 25న మాస్కోలో ఒప్పందముపై సంతకములైనవి. అమెరికా పక్షమున నౌకాశాఖ కార్యదర్శి జాన్ వార్నర్, సోవియట్ పక్షమున నౌకాదళాధిపతి అడ్మిరల్ సెర్గేయ్ గోర్ష్‌కోవ్ సంతకములు చేసిరి. మొత్తము పది అధికరణములు. వాని సారమును మన మాటలలో చెప్పెదము.

సముద్రము మీద అన్ని ఓడలకు వర్తించు దారి నియమములను యుద్ధనౌకలు కూడ పాటింపవలెను. గుంపుగా పోవు నౌకల నడుమకు దూరరాదు. కనిపెట్టుటకు వెంబడించు నౌక ఎడముగా ఉండవలెను. ముందున్న నౌకకు ఇబ్బంది కలుగరాదు. ఫిరంగులు, క్షిపణి యంత్రములు, టార్పెడో గొట్టములు ఎదుటి నౌకపై గురిపెట్టి దాడి నటింపరాదు. నడుపు గది మీదికి సెర్చిలైటు వేయరాదు. జలాంతర్గాములు నీటి అడుగున అభ్యాసము చేయుచున్నచో సమీప నౌకలకు సంకేతములతో తెలుపవలెను. ప్రమాదకరమైన అభ్యాసములుండిన మూడు మొదలు అయిదు దినముల ముందుగా రేడియోలో హెచ్చరింపవలెను. ఏదేని ఘటన జరిగిన, ఆ విషయమును ఒకరి రాజధానిలోనున్న మరియొకరి నౌకా ప్రతినిధి ద్వారా నేరుగా తెలుపుకొనవలెను. సంవత్సరమున కొకసారి కూర్చుండి, నియమములు ఎట్లు అమలు జరుగుచున్నవో సమీక్షింపవలెను. 1973లో మరియొక పత్రము వ్రాసికొని, ఇరుపక్షముల వర్తక నౌకలు మొదలైన వానికి కూడ ఈ రక్షణను విస్తరించిరి.

అందులో లేనివి కూడ చెప్పవలెను. ఎవరికి ఎన్ని నౌకలుండవలెనన్న లెక్క లేదు. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్న మాట లేదు. నౌకల నడుమ ఎంత దూరముండవలెనని సోవియట్ పక్షము గజములతో కొలత కోరినది, అమెరికా ఒప్పుకొనలేదు. అందుకై చర్చను చెడగొట్టుకొనక, ఆ కొలతను విడిచి, కుదిరిన వానిని వ్రాసికొనిరి. కుదరని దానిని పట్టుకొని కుదిరిన దానిని పోగొట్టుకొనరాదన్న తెలివి ఇది.

ఏడాదిన్నర లోపలనే పరీక్ష వచ్చినది. 1973 అక్టోబరులో అరబ్బు దేశములకును ఇజ్రాయెలుకును యుద్ధము జరిగినది. మధ్యధరా సముద్రములో అమెరికా, సోవియట్ నౌకలు కలిపి సుమారు 150 గుమిగూడినవి. రెండు ప్రభుత్వముల నడుమ మాటలు మిక్కిలి కఠినమైనవి. అయినను నౌకకు నౌక తగులలేదు. పొరపాటున ఒక్క గుండైనను పేలలేదు. పై ప్రభుత్వములు కోపముతో ఉన్నను, క్రింది నావికులకు తాము చేయవలసినది, చేయరానిది ముందుగనే తెలిసియుండుట ఇందుకొక ముఖ్య కారణము.

ఈ ఏర్పాటు అన్ని రోగములకు మందు కాలేదు. 1988 ఫిబ్రవరి 12న నల్లసముద్రములో రెండు అమెరికా నౌకలను, అవి తమ జలములలోనికి వచ్చినవని, సోవియట్ నౌకలు కావలెననియే రాచుకొని త్రోసినవి. తీరమునుండి 12 నాటికల్ మైళ్ళు, అనగా సుమారు 22 కిలోమీటర్లు, ఏ దేశపు జలములు ఆ దేశమువి. అందులోగుండ ఇతరుల యుద్ధనౌకలు హాని తలపెట్టక దాటిపోవచ్చునా అన్నది తగవు. ఆ తగవు ముదరలేదు. 1989 సెప్టెంబరులో ఇరుపక్షములును కూర్చుండి ఆ నియమమునకు ఒకే అర్థము చెప్పుకొనినవి. క్రొత్త గండి పడినప్పుడు దానిని చూచి పూడ్చు అలవాటు వారికి అప్పటికే కలిగియుండెను.

సోదరీ సోదరులారా, ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. 1922 నాటి ఒప్పందము పెద్దది. అది ప్రపంచమును అబ్బురపరచినది. 1972 నాటిది చిన్నది. ఆ వారములోనే అదే మాస్కోలో కుదిరిన అణ్వస్త్ర ఒప్పందముల వెలుగులో దానిని గమనించినవారు తక్కువ. కాని మొదటిది పదునాలుగేండ్లకు ముగిసినది. రెండవది ప్రచ్ఛన్న యుద్ధమును దాటి, 1991లో సోవియట్ రాజ్యమే అంతరించిన పిదప కూడ రష్యాతో కొనసాగినది. ఏల? మొదటిది స్థానమును కొలిచినది; రెండవది నడతను నిర్ణయించినది. స్థానము తక్కువని ఎవ్వరును సంతోషముతో ఒప్పుకొనరు. నడత ఇరువురికిని సమానము. మొదటిది సంతకముతో ముగిసినది. రెండవది ప్రతి సంవత్సరము సంతకము మరల గుర్తుచేసినది.

కాగితము మాత్రమే చాలదనుటకు మరియొక నిదర్శనము కలదు. అమెరికా, చైనా దేశములు 1998లో సముద్ర భద్రతపై సంప్రదించుకొనుటకు ఒప్పుకొనినవి. అయినను 2001 ఏప్రిల్ 1న హైనాను ద్వీప సమీపమున అమెరికా నిఘా విమానము, చైనా యుద్ధ విమానము ఢీకొనినవి. చైనా పైలటు మరణించెను. కూర్చుందమన్న మాట ఉన్నను, ఎదురుపడినప్పుడు ఎట్లు నడచుకొనవలెనన్న స్పష్టమైన నియమము లేకపోయెను. 2014 ఏప్రిల్‌లో చైనాలోని చింగ్‌దావ్ నగరమున పశ్చిమ పసిఫిక్ దేశముల నౌకాదళములు అనుకోకుండ ఎదురైనప్పుడు పాటింపవలసిన సంకేతములను, మర్యాదలను అంగీకరించినవి. అమెరికా, చైనా రెండును అందున్నవి. అది చట్టము కాదు, ఇష్టపడి పాటించునది. కనుక దాని బలము పాటించువారి బుద్ధినిబట్టియే ఉండును.

విరోధులు కలిసి పనిచేయుట కూడ సాధ్యమేయని సోమాలియా తీరము చూపినది. 2008లో అక్కడ ఓడదొంగలు విజృంభించి, వర్తక నౌకలను పట్టుకొని నావికులను బందీలుగా ఉంచిరి. ఆ బందీలలో మన భారతీయులును ఉండిరి. 2008 జూన్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా సమితి తీర్మానము చేసినది. అమెరికా, ఐరోపా దేశములు, రష్యా, చైనా, జపాను, భారతదేశము తమ తమ నౌకలను పంపినవి. వీరందరు ఒక సేనాపతి క్రింద లేరు. కాని దారి ఒకటి నిర్ణయించి, కాపలా సమాచారమును పంచుకొనిరి. 2012నుండి భారత, చైనా, జపాను నౌకాదళములు తాము వర్తక నౌకలకు తోడుపోవు వేళలను సరిచూచుకొనినవి. హిమాలయములలో హద్దు తగవున్న రెండు దేశములు అరేబియా సముద్రములో వంతులవారీగా కావలి కాచినవి. 2011లో శిఖరమునకు చేరిన ఆ దొంగతనములు పిమ్మట వేగముగా తగ్గిపోయినవి.

1942లో బాంబులు పడిన విశాఖపట్నముననే, 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినది. సుమారు 50 దేశములు పాల్గొనినవి. అమెరికా, చైనా యుద్ధనౌకలు మన రాష్ట్రపతి సమీక్షకై ఒకే వరుసల నడుమ లంగరు వేసి నిలిచినవి. బీచి రోడ్డు మీద జనము నిలిచి చూచిరి. అంతమాత్రమున ఆ దేశముల నడుమ పోటీ పోయినదని తలచుట అమాయకత్వమగును. 2023 నవంబరునుండి ఎఱ్ఱసముద్రములో ఓడలమీద దాడులు జరిగినప్పుడు పెక్కు ఓడలు ఆఫ్రికా చుట్టు తిరిగి పోవలసివచ్చినది. ఆ దూరపు కిరాయి సరకుల మీద పడినది. సముద్ర మర్యాద ఎంత సులభముగా చెడునో, చెడినప్పుడు దాని వెల ఎంత దూరము వచ్చునో అది చూపినది.

ఇందులో మన పంచాయతీలకు పాఠము లేకపోలేదు. మనకును ఎన్నికలు కలవు, వర్గములు కలవు, ఓడినవారి మనస్సులో నొప్పి కలదు. ‘మొదట వారు మారవలెను, అటుపిమ్మట మాటాడెదము’ అని ఇరుపక్షములును కూర్చుండిన చెరువుతూము మరమ్మతు ఎన్నటికిని జరుగదు. అణ్వస్త్రములు చేతనుంచుకొని, ఒకరి నొకరు ఏమాత్రము నమ్మని దేశములే, స్నేహము కొరకు వేచియుండక, నియమము వ్రాసికొనినవి. నమ్మకము ముందు వచ్చి నియమము తరువాత రాలేదు; నియమమును పాటింపగా పాటింపగా కొంత నమ్మకము వచ్చినది.

కావున మీ ఊరిలో నీటి వంతులకో, పుంతదారికో, పశువుల మేతకో తగవు వచ్చినప్పుడు ఎవరు పెద్ద అన్న మాటను ప్రక్కన పెట్టుడు. ఎవరు ఎప్పుడు ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో తేటమాటలలో వ్రాసికొనుడు. ఆ పని చేయువారినే, రైతునే, జాలరినే, నీరు మోయు ఆడపడుచునే కూర్చుండబెట్టి మాటాడించుడు. కుదిరినంత వరకు వ్రాసికొని, కుదరని దానిని మరుసటి కూటమికి ఉంచుడు. అన్నిటికంటె ముఖ్యముగా, కోపమున్న సంవత్సరమున కూడ ఆ కూటమిని మానకుడు. తగవు లేనప్పుడు కూర్చుండుట సులభము. తగవున్నప్పుడు కూర్చుండుటకే పంచాయతీ ఏర్పడినది.

సముద్రమునకు హద్దురాయి లేదని మొదట చెప్పితిమి. లేని రాయికి బదులుగా మనుష్యులు మాటను పాతుకొనిరి. అది కదలకుండ చూచుకొనుట అక్కడ నావికుల వంతు; ఇక్కడ మన వంతు.